మొదటి ఇంటర్వ్యూకి వెళ్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి: సూపర్ మార్కెట్ బిల్లింగ్ ఉద్యోగానికి ఎలా తయారవ్వాలి?

అడిగిన విషయం ఇదీ: 18 నిండి మూడు నెలలైంది, ఇంటర్ సీఈసీ పాసై డిగ్రీ దూరవిద్యలో చేరాడు. ఊరు కంకిపాడు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద సూపర్ మార్కెట్లో బిల్లింగ్, సేల్స్ పనికి గురువారం పొద్దున 10:30కి ఇంటర్వ్యూ. అనుభవం లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏం అడుగుతారు, ఏం పట్టుకెళ్లాలి, జీతం ఎంత చెప్పాలి?

తమ్ముడూ, ముందు టేబుల్‌కి అవతల కూర్చునే మనిషి సంగతి తెలుసుకో. నీకు అనుభవం లేదని నీ కాగితం చూడగానే ఆయనకి అర్థమైపోతుంది, దాని గురించి ఆయనకి బెంగ లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వారంలో నేర్పేస్తారు. ఆయన బెంగంతా వేరే. నేర్పిన కుర్రాడు రెండో నెల జీతం పడగానే మానేస్తాడు. ఆదివారం సాయంత్రం కౌంటర్ల ముందు జనం కిటకిటలాడుతుంటే ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. రాత్రి గల్లా లెక్క చూస్తే రెండొందలు తగ్గుతాయి. కాబట్టి ఆయన తేల్చుకోవాలనుకునేవి మూడే: టైముకి వస్తాడా, ఏడాదైనా ఉంటాడా, డబ్బు చేతికివ్వచ్చా. ఏ ప్రశ్న అడిగినా వెనకాల ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది. అది కనిపెడితే జవాబు దానంతట అదే వస్తుంది.

గురువారం లోపు చెయ్యాల్సిన మొదటి పని, ఆ స్టోర్‌కి ఒకసారి మామూలు కస్టమర్‌లా వెళ్లడం. సాయంత్రం ఆరున్నర, ఎనిమిది మధ్య వెళ్లు, రద్దీ అప్పుడే. ఓ సబ్బో బిస్కెట్ ప్యాకెట్టో కొని లైన్లో నిలబడు. ఎన్ని కౌంటర్లున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, కూరగాయలు ఎక్కడ తూకం వేస్తున్నారు, బిల్లు చేసే అబ్బాయి కస్టమర్‌ని ఏమేం అడుగుతున్నాడు (మొబైల్ నంబరు, క్యారీ బ్యాగు, యూపీఐనా క్యాషా), ఇవి చూసుకో. ఇరవై నిమిషాలు చాలు. "మా స్టోర్ ఎప్పుడైనా చూశావా?" అన్న ప్రశ్న దాదాపు ఖాయం. "చూశాను సార్, మంగళవారం సాయంత్రం ఏడింటికి వచ్చాను, ఆరు కౌంటర్లలో నాలుగే నడుస్తున్నాయి, నా ముందు ఏడుగురున్నారు" అని చెప్పే కుర్రాడు అరుదు. ఆ పూట రాకపోకలకి బస్సు ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది. పోరంకి దగ్గర నుంచి పొద్దున ట్రాఫిక్ ఎలా ఉంటుందో నీకు తెలిసిందే, దానికో అరగంట కలుపుకో. 10:10కి స్టోర్ బయట ఉండు, 10:20కి లోపలికి వెళ్లి పేరు చెప్పు. మరీ తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చున్నా ఇబ్బందే, అప్పుడు వాళ్లు షాపు తెరిచి సరుకు సర్దుకుంటూ ఉంటారు.

ఇక కాగితాలు. చాలామంది పిల్లలు ఇంటర్వ్యూ గట్టెక్కి కూడా ఇక్కడ ఇరుక్కుంటారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పదో తరగతి మెమో (పుట్టిన తేదీకి దీన్నే చూస్తారు), ఇంటర్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ: ఒక్కోటి రెండేసి జిరాక్సులు, నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఒక పేజీ బయోడేటా. ఒరిజినల్స్ చూపించడానికే తీసుకెళ్లు, ఇచ్చి రావడానికి కాదు.

ఇప్పుడు మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చు. మన దగ్గర ఇంటిపేరుతోనే తంటా అంతా. మెమోలో "కొల్లి సాయి కిరణ్" అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో "కె సాయికిరణ్" అని పొడి అక్షరంతో ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. ఇంటర్వ్యూలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం వచ్చాక పీఎఫ్ (జీతంలోంచి దాచే భవిష్యనిధి) ఖాతా తెరిచేటప్పుడు, ఆధార్‌నీ పాన్‌నీ దానికి కలిపేటప్పుడు ఆగిపోతుంది. తేడా ఉంటే ఇప్పుడే ఆధార్ కేంద్రానికి వెళ్లి మెమో ప్రకారం మార్పించుకో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి స్పెల్లింగ్ అక్కడ కూర్చున్నతనితో చదివించుకుని వదిలెయ్యకుండా నువ్వే స్క్రీన్ మీద చదివి సరే అను. ఆధార్‌కి మీ నాన్నగారి నంబరు లింకై ఉంటే అది కూడా నీ నంబరుకి మార్చుకో. జాయినింగ్ రోజు ఓటీపీ కోసం పొలంలో ఉన్న ఆయనకి ఫోన్లు చేసుకుంటూ నిలబడే అవస్థ తప్పుతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. మైనర్‌గా ఉన్నప్పుడు తీసిన పాన్ కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు, 18 నిండాక అవి వచ్చేలా మార్పుకి అప్లై చెయ్యాలి. స్కాలర్‌షిప్ కోసం స్కూల్లో తెరిపించిన బ్యాంకు ఖాతా మైనర్ ఖాతా అయితే, బ్రాంచికి వెళ్లి కొత్తగా కేవైసీ ఇచ్చి మేజర్ ఖాతాగా మార్పించుకో. లేకపోతే మొదటి జీతం పడినా తీసుకోవడానికి కుదరకపోవచ్చు.

వయసు గురించి ఒక మాట, ఇది చదివే పదిహేడేళ్ల వాళ్ల కోసం. 14 నుంచి 18 లోపు వాళ్లు ప్రమాదకరం కాని పనుల్లో చేరవచ్చని చట్టం చెప్తుంది, కానీ రాత్రి 7 నుంచి పొద్దున 8 వరకు పని చేయించకూడదు, మధ్యలో విరామంతో కలిపి రోజుకి ఆరు గంటలు దాటకూడదు, ఓటీ (ఓవర్‌టైమ్) అసలే ఉండకూడదు. సూపర్ మార్కెట్ గిరాకీ అంతా రాత్రి ఏడు తర్వాతే కాబట్టి పెద్ద స్టోర్లు 18 నిండనివాళ్ల జోలికి రావు. నాలుగు నెలలు తక్కువైతే ఆగండి. వయసు ఎక్కువ వేసి చెప్తే మెమోలో దొరికిపోతుంది, ఆ పేరు ఆ స్టోర్‌కి మళ్లీ పనికిరాదు.

బయోడేటా ఒక్క పేజీ దాటక్కర్లేదు. "కెరీర్ ఆబ్జెక్టివ్" అని నెట్‌లో దొరికే ఆ ఇంగ్లీషు పేరా తీసెయ్, దాన్ని ఎవరూ చదవరు. దాని బదులు నువ్వు నిజంగా చేసిన పని రాయి. చేసిన పని లేదని అనుకుంటావుగానీ ఉంటుంది. వేసవిలో మామయ్య కిరాణా కొట్లో కూర్చున్నావా? ఊళ్లో వినాయక చవితి చందాల లెక్క రాశావా? ఇంట్లో పాలకేంద్రం చీటీ చూసేది నువ్వేనా? దాన్ని అంకెలతో రాయి: "వేసవి సెలవుల్లో 45 రోజులు కిరాణా కొట్టులో పని, రోజూ ఉదయం 6కి షాపు తెరవడం, రాత్రి గల్లా లెక్క అప్పజెప్పడం." టైము, నిలకడ, డబ్బు, మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. లేనిది మాత్రం రాయకు. "కందిపప్పు హోల్‌సేల్ బస్తా ఎన్ని కిలోలొచ్చేది?" అని ఎదురుప్రశ్న వేస్తే మొహం తెల్లబోతుంది.

"నీ గురించి చెప్పు" అనగానే "మైసెల్ఫ్ సాయి కిరణ్, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ కంకిపాడు" అని బట్టీ అప్పజెప్పడం మొదలుపెడతారు. మూడో వాక్యం దగ్గర ఒక ముక్క మర్చిపోతారు, మళ్లీ మొదటి నుంచి అందుకుంటారు, అంతటితో ధైర్యం పోతుంది. బిల్లింగ్ పనికి ఇంటర్వ్యూ ఎక్కువగా తెలుగులోనే నడుస్తుంది. ఆయన ఇంగ్లీషులో అడిగితే "సార్, తెలుగులో చెప్పచ్చా? ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడటం ఇంకా నేర్చుకుంటున్నాను" అని అడుగు, అందులో నామోషీ ఏం లేదు. ఆ తర్వాత ముప్పావు నిమిషంలో ముగించేలా ఇలా చెప్పచ్చు: "నా పేరు ఇది సార్, కంకిపాడు నుంచి వస్తున్నాను, బస్సులో నలభై నిమిషాలు. ఇంటర్ సీఈసీ అయింది, బీకాం దూరవిద్యలో చదువుతున్నాను, కాబట్టి రోజూ కాలేజీ లేదు. వేసవిలో కిరాణా కొట్లో నెలన్నర చేశాను, డబ్బు లెక్క అలవాటే. ఆదివారాలు, పండగలు పని చేస్తానని ఇంట్లో ముందే చెప్పాను." అంతే, అక్కడ ఆగు. తండ్రి వృత్తి, అక్కల పెళ్లిళ్లు, హాబీలు అక్కర్లేదు. మాటలు బట్టీ పట్టకు, విషయాల వరుస గుర్తుంచుకుని ఫోన్లో మూడుసార్లు రికార్డు చేసుకుని విను. నోట్లో "అంటే... అదీ..." ఎన్నిసార్లొస్తుందో నీకే వినపడుతుంది.

పండగ ప్రశ్న మీద ఇంట్లో ముందే మాట్లాడి రా. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు వారం స్టోర్‌కి ఏడాదిలో పెద్ద గిరాకీ, అప్పుడే ఎవరికీ సెలవుండదు. వారపు సెలవు కూడా మామూలుగా మంగళవారమో బుధవారమో ఇస్తారు. "సంక్రాంతికి ఊరెళ్లవా?" అని నవ్వుతూ అడుగుతారు. "భోగి రోజు వరకు పని చేస్తాను సార్, ఆ తర్వాత షిఫ్టు ప్రకారం ఒకరోజు ఇస్తే చాలు" లాంటి కచ్చితమైన మాట మంచిది. అన్నిటికీ తల ఊపి, డిసెంబరులో అమ్మ ఒప్పుకోలేదంటే మొదటికే మోసం. చదువు గురించీ అంతే. డిగ్రీ సంగతి దాచకు. "పరీక్షలప్పుడు కొన్ని రోజులు కావాలి, టైంటేబుల్ రాగానే తెచ్చి ఇస్తాను" అంటే ఎవరూ కాదనరు. దాచిపెట్టి పరీక్షల ముందు రోజు సెలవు అడగడమే వాళ్లకి ఒళ్లు మండించేది.

లెక్కలు తప్పకుండా అడుగుతారు, క్యాలిక్యులేటర్ లేకుండా. చిల్లర లెక్కకి తీసివేత చెయ్యకు, పైకి ఎక్కుతూ పో. బిల్లు 387, కస్టమర్ 500 ఇచ్చాడు: 387కి మూడు కలిపితే 390, పది కలిపితే 400, వంద కలిపితే 500, మొత్తం 113. చేతిలో నోట్లు కూడా అదే వరుసలో వస్తాయి. తిప్పి అడుగుతారు: అదే బిల్లుకి 507 ఇస్తే? 120. ఇది గబుక్కున తట్టకపోతే చాలామంది ఆ ఏడు రూపాయలు వెనక్కిచ్చేస్తారు. ఎమ్మార్పీ 240 మీద 15 శాతం తగ్గింపు: పది శాతం 24, అందులో సగం 12, మొత్తం 36, కట్టాల్సింది 204. ఉల్లిపాయలు కిలో 34, తూకం 650 గ్రాములు: అరకిలో 17, వంద గ్రాములు 3.40, యాభై గ్రాములు 1.70, కలిపి 22.10. రోజుకి ఇలాంటివి ఇరవై చొప్పున గురువారం దాకా చెయ్, వేగం దానంతట అదే వస్తుంది. తప్పు చెప్పినా "ఒక్క క్షణం సార్, మళ్లీ చూస్తాను" అని సరిదిద్దుకుంటే ఫరవాలేదు. ఊహించి రెండో తప్పు అంకె చెప్పడమే చేటు.

వీటికంటే నిన్ను పట్టిచ్చేవి "అప్పుడు ఏం చేస్తావ్?" ప్రశ్నలు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 95 ఉంది, స్కాన్ చేస్తే 105 వచ్చింది. ఇలా ఎందుకవుతుందంటే కొత్త ధర సిస్టంలోకి ఎక్కించాక పాత సరుకు ఇంకా అరలో మిగిలిపోతుంది. ప్యాకెట్ మీద ముద్రించిన ధర అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, దానికి మించి తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. కస్టమర్‌తో వాదించకుండా సూపర్‌వైజర్‌ని పిలిచి 95కే బిల్లు చేయించాలి, అరలో మిగిలిన ప్యాకెట్ల సంగతి కూడా ఆయన చెవిన వెయ్యాలి.

యూపీఐది ఇంకోటి. కస్టమర్ ఫోన్ చూపిస్తున్నాడు, పచ్చ టిక్కు ఉంది, నీ దగ్గరున్న మెషీన్ మాత్రం డబ్బు వచ్చినట్టు చెప్పలేదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటున్నారు. అతని స్క్రీన్ నమ్మి పంపెయ్యకూడదు, అలాంటి దొంగ స్క్రీన్లు చూపించే యాప్‌లున్నాయి. "ఒక్క నిమిషం అండీ, మా వైపు రాలేదు" అని మర్యాదగా చెప్పి, బిల్లు హోల్డ్‌లో పెట్టి, సూపర్‌వైజర్‌తో లావాదేవీ చూపించుకుని, ఈలోపు తర్వాతి వాళ్ల బిల్లు చెయ్యాలి. అనుమానం ఉన్నా "మోసం" అన్న మాట నోట రాకూడదు. పదింట తొమ్మిదిసార్లు అది నెట్‌వర్క్ ఆలస్యమే.

అన్నిటికంటే ముఖ్యమైనది: రాత్రి గల్లాలో 200 తగ్గింది, ఏం చేస్తావ్? నూటికి తొంభైమంది పిల్లలు "నా జేబులోంచి వేసేస్తాను సార్" అంటారు, నిజాయితీ అనుకుని. అది తప్పు జవాబు. ఈరోజు తగ్గితే జేబులోంచి వేసేవాడు, రేపు ఎక్కువొస్తే జేబులో వేసుకుంటాడన్న భయం మేనేజర్‌ది. పైగా తేడా ఎక్కడొచ్చిందో ఎప్పటికీ బయటపడదు. క్యాష్ కౌంటర్లో సొంత డబ్బు, స్టోర్ డబ్బు కలవకూడదు. చాలా చోట్ల డ్యూటీ ఎక్కే ముందు జేబులో ఎంత ఉందో రాయించుకునేది అందుకే. చెప్పాల్సింది: "అప్పుడే సూపర్‌వైజర్‌కి చెప్తాను, నోట్లు మళ్లీ లెక్కపెడతాను, యూపీఐ బిల్లు పొరపాటున క్యాష్‌లో కొట్టానేమో చూస్తాను, దొరక్కపోతే రిజిస్టర్‌లో రాయిస్తాను." సగం తేడాలు ఆ క్యాష్-యూపీఐ తికమకలోనే దొరుకుతాయి. స్నేహితుడో బంధువో నీ కౌంటర్‌కి వస్తే ఏం చేస్తావన్నది దీని తోబుట్టువే: "పక్క కౌంటర్‌కి పంపుతాను."

సేల్స్ వైపు ఒక్కటే అడిగే అవకాశం ఉంది, అరలో సరుకు ఎలా సర్దాలని. ఎక్స్‌పైరీ దగ్గర పడ్డది ముందుకి, కొత్తది వెనక్కి. పెరుగు కొనేటప్పుడు మీ అమ్మగారు వెనక ప్యాకెట్ లాగేది అందుకే. "నీలో లోపమేంటి?" అంటే నిజమైన, చిన్న లోపం ఒకటి చెప్పి దానికి ఏం చేస్తున్నావో చెప్పు, "నేను ఎక్కువ కష్టపడతాను" లాంటివి వద్దు.

బట్టల మీద ఖర్చు పెట్టకు. ఇస్త్రీ చేసిన లేతరంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముదురు ప్యాంటు, బెల్టు, మూసి ఉన్న చెప్పులో బూట్లో. గోళ్లు కత్తిరించుకో, తినే సరుకు ముట్టుకునే పనికి చేతులు చూస్తారు. అమ్మాయిలైతే చుడీదార్, చున్నీకి పిన్ను, జడ. ఫోన్ బయటే సైలెంట్ చేసి సంచిలో వేసెయ్, వైబ్రేషన్ కూడా వద్దు. నాన్నగారో అన్నయ్యో తోడొస్తే టీ కొట్టు దగ్గర ఆగమను. పక్కన కూర్చుని జవాబులు వాళ్లే చెప్పేస్తే కుర్రాడిని తీసుకోరు. వేచి ఉన్నప్పుడు ఎలా ఉంటున్నావో సెక్యూరిటీ, రిసెప్షన్ వాళ్లు కూడా గమనిస్తారు, వాళ్లనీ "అండీ" అనే పలకరించు.

జీతం దగ్గర "మీ ఇష్టం సార్" అనొద్దు. ముందే ఆ వీధిలో ఇలాంటి స్టోర్లలో చేసే ఇద్దరు ముగ్గురిని కనుక్కో. "ఫ్రెషర్‌కి ఇక్కడ ఇంత నుంచి ఇంత ఇస్తున్నారని విన్నాను, మీ దగ్గర ఎంతుంది సార్?" అని అడుగు. వాళ్లు అంకె చెప్పగానే ఆ అంకె చేతికొచ్చేదా, కోతల ముందుదా అన్నది తప్పకుండా తేల్చుకో. ఉదాహరణకి మొత్తం జీతం 15,000, అందులో బేసిక్ (మూల వేతనం) 12,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,440. ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) మొత్తం మీద 0.75 శాతం, 113. 15,000 వరకు వృత్తి పన్ను లేదు. చేతికి 13,447. వాళ్లు చెప్పిన 15,000 "సీటీసీ" (నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అయితే కంపెనీ కట్టే వాటా కూడా అందులోంచే పోతుంది, చేతికి ఇంకా తగ్గుతుంది. పీఎఫ్, ఈఎస్ఐ కోత చూసి బాధపడకు. పీఎఫ్ నీ సొమ్మే, ఈఎస్ఐ మీద నీతోపాటు నీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకీ నిబంధనల ప్రకారం వైద్యం అందుతుంది. కోత లేకుండా "చేతికే మొత్తం ఇస్తాం" అనే చోటు గురించే ఆలోచించాలి.

"నువ్వేమైనా అడుగుతావా?" అన్నప్పుడు లేదని లేచి రాకు. షిఫ్టు టైములు, వారపు సెలవు ఏ రోజు, ట్రైనింగ్ రోజులకి జీతం ఉందా, యూనిఫాం డబ్బు కోస్తారా, గల్లా తగ్గితే పద్ధతేంటి, ఇందులో రెండు మూడు అడుగు. రాత్రి పదిన్నరకి వదిలితే కంకిపాడు బస్సు సంగతి కూడా అప్పుడే మాట్లాడుకో. అమ్మాయిలు డ్రాప్ ఉందా లేదా అని మొహమాటపడకుండా అడగాలి.

రిజిస్ట్రేషన్ అనో, యూనిఫాం డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో ముందే డబ్బు అడిగితే అక్కడి నుంచి వచ్చెయ్. ఒరిజినల్ మెమోలు ఉంచుకుంటామన్నా ఇవ్వకు. "డిగ్రీ పరీక్ష ఫీజుకి కావాలి సార్, జిరాక్సు మీద సంతకం పెట్టిస్తాను" అను. మరీ పట్టుబడితే ఆ ఉద్యోగం వద్దు, మెమో పోతే డూప్లికేట్ కోసం తిరగాల్సింది నువ్వే.

బయటికొచ్చే ముందు "ఎప్పటిలోగా చెప్తారు సార్, నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అని అడిగి నంబరు రాసుకో. శనివారం అంటే సోమవారం పొద్దున పదకొండింటికి ఒక్కసారి చెయ్, శనివారం సాయంత్రం వాళ్లకి ఊపిరాడదు. ఒక్కోసారి అక్కడికక్కడే "రేపట్నుంచి వచ్చెయ్" అంటారు. వెళ్లు, కానీ జీతం, జాయినింగ్ తేదీ, షిఫ్టు రాసి ఉన్న లెటరో, కనీసం వాట్సాప్ మెసేజో తీసుకున్నాకే. మొదటి రోజుకి బూట్లు మాత్రం మెత్తటి అడుగున్నవి, కాస్త వదులుగా ఉన్నవి చూసుకో. బిల్లింగ్ కౌంటర్లో చాలా చోట్ల కుర్చీ ఉండదు, సాయంత్రానికి పాదాలు వాస్తాయి.